నాలుగో సీతాఫలం

తుమ్మెదల కోన అనే అడవిలో జంతువులన్నిటికీ మాటలు వచ్చు, సగానికి పైగా చదువు కూడా వచ్చు. వాగు ఒడ్డున ఇప్పచెట్ల కింద వాళ్ళకి సొంత విశ్వవిద్యాలయమే ఉంది. తవ్వకం, ఈత, చెట్లెక్కడం, పాములపట్టు అని నాలుగు పెద్ద శాఖలు. ఐదోది సాహిత్యం. దానికి గది లేదు, ఒక కొమ్మ ఉంది. కొమ్మ మీద ముసలి కొండముచ్చు మాస్టారు కూర్చుంటారు, కింద విద్యార్థులు కూర్చోవాలి. ఆ ఏడాది కింద కూర్చున్నది ఒక్కతే.

ఆ ఒక్కతీ ముంగిస బుడ్డయ్య కూతురు సుభాషిణి.

బుడ్డయ్య ఇంట్లో ఏడు తరాలుగా పాములపట్టే. ఎనిమిదో తరం సాహిత్యం అనేసరికి ఆయన రెండు రోజులు అన్నం మానేశాడు. మూడో రోజు ఆ రెండు రోజులదీ కలిపి తిని, మళ్ళీ మొదలుపెట్టాడు.

"అది చదివితే ఏమొస్తుందే?"

"కథలు అర్థమవుతాయి నాన్నా."

"కథలు నాకు అర్థం కాకనా? మా అమ్మ చెబుతుంటే సగం కథకే అర్థమైపోయి నిద్రపోయేవాణ్ణి."

పక్క బొరియలో ఉండే పందికొక్కు పాపారావు ఈ మంటలో రోజూ నాలుగు పుల్లలు వేసి వెళ్ళేవాడు. "మా వాడు తవ్వకం బావా! రెండో ఏడాదిలో ఉండగానే కుందేళ్ళు వచ్చి ఉద్యోగం ఖాయం చేసి పోయాయి. మీ అమ్మాయిని ఎవరైనా అడిగారా? అడగరులే. ఏమీ అనుకోకు."

ఏమీ అనుకోకు అన్నాక అనుకోకుండా ఎవరుంటారు? బుడ్డయ్య తిన్నగా ఇప్పచెట్టు దగ్గరికి నడిచాడు.

"మాస్టారూ, ఈ చదువుకి ఉద్యోగం ఉందాండీ?"

"ఎందుకు లేదు? నాకు వచ్చింది కదా," అన్నాడు కొండముచ్చు వీపు గోక్కుంటూ.

"మీది తప్ప?"

"నేను పోయాక అదీ ఖాళీ అవుతుంది."

బుడ్డయ్యకి కళ్ళు తిరిగాయి. కొమ్మ కింద కూర్చున్న కూతురి వైపు తిరిగి, "సరే, మూడు నెలలు చదివావుగా. నేర్చుకున్నది ఒక్క ముక్క చెప్పు," అన్నాడు.

సుభాషిణి తోక సర్దుకుని చెప్పింది. "కథ వినేటప్పుడు ముందు ఒకటి చూసుకోవాలి నాన్నా. చెప్పేవాడు ఎక్కడ నిలబడి చెబుతున్నాడు? కొండ మీద నిలబడ్డవాడికి కింద ఊరంతా కనిపిస్తుంది. కానీ ఆ ఊళ్ళో వాళ్ళ కూరలో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో వాడికి తెలియదు."

బుడ్డయ్య కాసేపు ఆగాడు, ఇంకేమైనా వస్తుందేమోనని. రాలేదు.

"మూడు నెలలకి కూరలో ఉప్పా!" అని తల కొట్టుకున్నాడు. "ఈ పళ్ళ కాలం దాటనీ. నిన్ను తీసుకెళ్ళి పాములపట్టులో వెయ్యకపోతే నా పేరు బుడ్డయ్య కాదు."

పళ్ళ కాలమంటే తుమ్మెదల కోనలో సీతాఫలాల కాలం. ఎలుగమ్మ కూతురు నిండు చూలాలు. ఆ పిల్లకి సీతాఫలాల మీద మనసు పోయింది. ఎలుగమ్మ అడవంతా గాలించి ఐదంటే ఐదు మంచి కాయలు ఏరి, రేగుపొద కింద ఎండాకుల్లో పెట్టి మాగేసింది. నాలుగో రోజు ఉదయం, "పండి ఉంటాయి, రావే," అంటూ కూతుర్ని వెంటబెట్టుకు వచ్చి చూస్తే పళ్ళు లేవు. తొక్కలున్నాయి, గింజలున్నాయి, చుట్టూ ముంగిస అడుగులున్నాయి.

చూలింత కోసం దాచింది ముట్టుకుంటే ఆ అడవిలో ఒకటే శిక్ష. ఇంటిల్లిపాదీ కొండ దాటి వెళ్ళిపోవాలి, మళ్ళీ ఈ వైపు చూడకూడదు.

సాయంత్రానికి ఇప్పచెట్ల పక్కన బండ దగ్గర సభ కూడింది. ఏనుగు పెద్దాయన నడుమ కూర్చున్నాడు. బుడ్డయ్యని ముందు నిలబెట్టారు.

"పొద చుట్టూ అడుగులు నీవేనా?"

"నావేనండి. పొద్దున్నే పాము వెంటపడి అటు పోయాను."

"పాము దొరికిందా?"

"లేదండి."

"మరి సాక్ష్యం?"

బుడ్డయ్య దగ్గర సాక్ష్యం లేదు. ముంగిస తరఫున చెప్పడానికి ఏ పామైనా ఎందుకు వస్తుంది?

అప్పుడు నక్క మురారి ముందుకొచ్చాడు. మురారికి ఆ చుట్టుపక్కల మంచి మాటకారి అని పేరు. ఆ పేరు ఆయనకి తిండి కన్నా ఇష్టం. "నాకు చెప్పాలని లేదు పెద్దాయనా," అంటూనే గొంతు సవరించుకున్నాడు. "కానీ కళ్ళారా చూశాను. వాగు అవతల, పుట్ట చాటున ఉన్నాను. అక్కణ్ణించి కదల్లేదు."

ఇక చెప్పాడండీ కథ! ఎలుగమ్మ ఆ ఐదు కాయల కోసం ఎన్ని ముళ్ళు గుచ్చుకుందో చెప్పాడు. రోజుకి మూడుసార్లు వచ్చి ఆకులు తీసి, మెల్లగా నొక్కి చూసి, "ఇంకొక్క రోజు తల్లీ," అని కడుపులో బిడ్డతో మాట్లాడినట్టు పళ్ళతో మాట్లాడిందని చెప్పాడు. ఆగాల్సిన చోట ఆగాడు. "ఆవిడ అటు వెళ్ళగానే ఇటు బుడ్డయ్య వచ్చాడు. చుట్టూ చూశాడు. అవి ఎవరి కోసం దాచినవో ఈ అడవిలో తెలియనివాళ్ళు లేరు. అయినా చెయ్యి ఆగలేదు. ఐదూ తిన్నాడు. మూతి తుడుచుకుని వెళ్ళిపోయాడు."

సభంతా ముక్కులు చీదింది. పాపారావు వెక్కి వెక్కి ఏడ్చాడు. బుడ్డయ్య కూడా కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కథలో దుర్మార్గుడు తనేనన్న సంగతి ఆయనకి కాసేపటికి గాని గుర్తు రాలేదు. సుభాషిణికీ ఏడుపొచ్చింది. మంచి కథకి ఏడవకపోతే ఆ పిల్ల సాహిత్యం ఎందుకు చదువుతుంది?

ఏనుగు పెద్దాయన తొండంతో కళ్ళు ఒత్తుకుని, "ఇంకేముంది బుడ్డయ్యా! పొద్దు గుంకేలోగా కొండ దాటు," అన్నాడు.

బుడ్డయ్య వెనక్కి తిరిగి తన బొరియ వైపు చూశాడు. ఏడు తరాల బొరియ అది. తండ్రి ముఖం చూసి సుభాషిణికి మళ్ళీ ఏడుపొచ్చింది. కానీ కళ్ళు తుడుచుకోగానే ఆమెకి రోజూ అలవాటైన ప్రశ్న గుర్తొచ్చింది. చెప్పేవాడు ఎక్కడ నిలబడ్డాడు? పుట్ట చాటున. దొంగతనం దగ్గర మాత్రం అక్కణ్ణించి చూడగలిగినవే చెప్పాడు, కాలు జారలేదు. ఇక ఆయన చేతే కాలు జారేలా చెయ్యాలి. కథ బాగా చెప్పేవాళ్ళకి ఎక్కడ కాలు జారుతుందో ఆమెకి తెలుసు. మాస్టారికి కూడా అక్కడే జారుతుంది.

"పెద్దాయనా, ఒక్క మాట. మా నాన్న సంగతి కాదండి, మురారి బాబాయ్ కథ గురించి."

"కథ గురించా?" అన్నాడు ఏనుగు. "చెప్పమ్మా."

సుభాషిణి నక్క ఎదురుగా వచ్చి కూర్చుంది. "బాబాయ్, మొదలు ఎంత బాగుందో! ఎలుగమ్మత్త పళ్ళతో మాట్లాడే చోట నా వల్ల కాలేదు, ఏడ్చేశాను."

మురారి మీసం దువ్వుకున్నాడు. "ఏదో అలా వచ్చేసిందమ్మా."

"కానీ తినే ఘట్టం దగ్గర తేలిపోయింది."

నక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి. "ఏం పోయింది?"

"తేలిపోయింది బాబాయ్. 'ఐదూ తిన్నాడు' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అవి ఎలాంటి పళ్ళు? మాకేం తెలిసింది? ఒక్కరికైనా నోరూరిందా? ఎలుగమ్మత్త పడ్డ కష్టమంతా ఆ పళ్ళ కోసమే కదా. ఆ పళ్ళే కళ్ళకి కట్టకపోతే ఇక కథలో ఏముంది?"

పైనున్న కొమ్మ మీద కొండముచ్చు మాస్టారు గోక్కోవడం ఆపాడు. శిష్యురాలి వంక ఒక్కసారి చూసి, బరువుగా తలూపాడు. "నిజమే. ఆ ఘట్టం బలహీనం."

దొంగ అంటే మురారి ఊరుకునేవాడు, నవ్వేసేవాడు కూడా. కథ బలహీనమంటే మాత్రం ఆయనకి ఒళ్ళు మండింది.

"నా కథా? బలహీనమా? ఏదో సభ మర్యాదకి కుదించి చెబితే చేతకాక అనుకుంటున్నారా? వినండి అయితే!" అని బండ మీదికి ఎగిరి కూర్చున్నాడు. "మొదటిది... వేలు తాకగానే విచ్చుకుంది. ఎండాకుల వేడికి లోపల గోరువెచ్చగా ఉంది. మీగడ. మీగడంటే మీగడ! గింజ నాలుక మీద ఇలా జారిపోవాలంతే. రెండోది కాస్త ఎక్కువ మాగింది, తేనె పాకం, మూతంతా జిగురు. మూడోదాని అంచున సన్నగా పంచదార పలుకులు, పళ్ళ కింద కరకర..."

సభంతా గుటకలు మింగింది. ఏనుగు పెద్దాయన తొండం దానంతటదే గాల్లోకి లేచింది. మురారి కళ్ళు మూసుకున్నాడు. ఇక ఆయన్ని ఎవరూ ఆపలేరు.

"ఇక నాలుగోది! పైకి అన్నిటిలాగే ఉంది. తియ్యగానే మొదలైంది. కానీ చివర్లో నాలుక అంచున ఒక పులుపు జీర. ఆ పులుపుతో అంతకు ముందు తిన్న మూడింటి తీపీ మళ్ళీ గుర్తొచ్చింది చూడండీ... ఆహా! ఐదోదాని సంగతి చెప్పనే అక్కర్లేదు."

"అద్భుతం!" అని అరిచింది సుభాషిణి. మనస్ఫూర్తిగానే అరిచింది. "బాబాయ్, మీరు ఎక్కడున్నానన్నారు?"

"పుట్ట చాటున," అన్నాడు మురారి ఇంకా కళ్ళు తెరవకుండానే.

"వాగు అవతల?"

"వాగు అవతలే."

"అక్కణ్ణించి నాలుగో పండు పులుపు మీ నాలుకకి ఎలా తెలిసింది?"

మురారి కళ్ళు తెరిచాడు. సభంతా అతని నాలుక వైపే చూస్తోంది. ఆయన నోరు మూసేసుకున్నాడు. అయినా మాటకారి కదా, వెంటనే సర్దుకున్నాడు.

"పిచ్చిపిల్లా! అది వర్ణన. ఊహ! సాహిత్యం చదువుతున్నావు, ఆ మాత్రం తెలియదా?"

"తెలుసు బాబాయ్. పళ్ళ రుచి ఊహే అనుకుందాం. మరి మా నాన్న తిన్నాడన్నది? అదీ ఊహేనా? ఒకటి చూశాను, ఒకటి ఊహించాను అంటే ఎక్కడ చూడ్డం ఆపి ఎక్కడ ఊహించడం మొదలుపెట్టారో చెప్పండి."

మురారి ఏదో అనబోయేలోగా ఎలుగమ్మ లేచింది. అంతసేపూ ఆవిడ వేళ్ళు మడిచి ఏదో లెక్క చూసుకుంటోంది.

"ఊహ కాదు," అంది. "నాలుగు పళ్ళు తీపి చెట్లవి. ఒక్కటి మాత్రం కొండవాలు చెట్టుది, దానికి పులుపు జీర ఉంటుంది. కడుపుతో ఉన్న పిల్ల, కాస్త పుల్లగా ఉంటే ఇష్టపడుతుందని కలిపాను. పైకి చూస్తే ఐదూ ఒక్కలాగే ఉంటాయి. ఈ సంగతి నా కూతురికి కూడా చెప్పలేదు."

ఏనుగు పెద్దాయన నక్క వైపు తిరిగాడు. "మురారీ?"

మురారి తోక కాళ్ళ మధ్యకి పోయింది. పారిపోదామా అని చూస్తే చుట్టూ అడవి మొత్తం ఉంది. "పొద్దున్నే... ఆకలేసి..." అని గొణిగాడు. "బుడ్డయ్య పాము వెంట అటు పోవడం చూశాను. ఆయన అడుగులు ఎలాగూ పడ్డాయి కదా అని నావి తోకతో తుడిచేసి..."

చట్టం ప్రకారం అతన్ని కొండ దాటించాలి. ఎలుగమ్మ కూతురే అడ్డం పడింది. "వద్దు తాతా. కొండ దాటితే వీడు మళ్ళీ పళ్ళు తెచ్చి ఇవ్వలేడు. నాకు పళ్ళు కావాలి." అలా నక్కకి శిక్ష మారింది. బిడ్డ పుట్టేదాకా రోజుకి ఐదు సీతాఫలాలు, అందులో ఒకటి కొండవాలు చెట్టుది. ఒక్క ముక్క కూడా రుచి చూడకుండా తేవాలి. అది మురారికి కొండ దాటడం కన్నా కష్టమైన శిక్ష.

"అమ్మాయ్," అన్నాడు ఏనుగు పెద్దాయన, "రేపటినుంచి సభకి ఏ ఫిర్యాదు వచ్చినా నా పక్కన కూర్చుని వినాలి నువ్వు. నాకు ఏడుపొచ్చేస్తే ఇక ఏమీ కనిపించదు. ఇంతకీ ఏం చదివావు?"

సుభాషిణి నోరు తెరిచేలోగానే బుడ్డయ్య అందుకున్నాడు. "సాహిత్యమండీ! మా అమ్మాయి సాహిత్యం! కథ చెప్పేవాడు ఎక్కడ నిలబడ్డాడో చూడాలండీ. కూరలో ఉప్పు సంగతి ఉంది చూశారూ, అది చాలా పెద్ద పాఠం. మా ఇంట్లో రోజూ అదే మాట్లాడుకుంటాం." కూతురు పకపకా నవ్వి తండ్రి మెడ చుట్టేసుకుంది. ఆయనా ఏడుస్తూ నవ్వాడు.

పందికొక్కు పాపారావు మెల్లగా ఇప్పచెట్టు కిందికి జరిగి, పైకి చూసి అడిగాడు. "మాస్టారూ, మా రెండోవాడికి... సీటేమైనా ఉందాండీ?"

"కొమ్మ కింద చోటుకేం కొదవ?" అన్నాడు కొండముచ్చు. మర్నాడు పాఠానికి పదకొండు మంది వచ్చారు. ఈతశాఖ నుంచి ఒక తాబేలు కూడా వచ్చింది, కాకపోతే సాయంత్రానికి చేరుకుంది.

అందరూ వెళ్ళిపోయాక మురారి వెనకనుంచి వచ్చి, చెట్టు కింద కాసేపు నేల గీరుతూ నిలబడ్డాడు.

"ఏం కావాలోయ్?" అన్నాడు మాస్టారు.

"ఏం లేదు... ఆ తినే ఘట్టం... ఇప్పుడు బాగుందా అండీ?"

"ఇప్పుడా? అద్భుతంగా ఉంది మురారీ. నువ్వు స్వయంగా తిన్నావని తెలిసిపోయేంత బాగుంది."

మురారి సిగ్గుపడుతూ, సంబరపడుతూ పళ్ళు కోయడానికి కొండవాలుకి పోయాడు.

ఇందులో నీతి: కథ విని కడుపారా ఏడవండి, తప్పులేదు, కానీ తీర్పు చెప్పే ముందు కళ్ళు తుడుచుకుని, చెప్పేవాడు ఎక్కడ నిలబడి చెబుతున్నాడో ఒక్కసారి చూసుకోండి.