సీమోనుగట్టు భుజంబండ

పూర్వం, పెద్ద కరువు వచ్చి పోయి పశువుల డొక్కలు మళ్ళీ నిండుతున్న రోజులలో, పల్నాటి సీమలో తుమ్మలవాగుకు తూర్పున ముళ్ళగట్టు అనే రాతిగుట్ట ఒకటి ఉండేది. నేడు భక్తులు చెప్పులు విడిచి, తలలు వంచి ఎక్కే ఆ పుణ్యస్థలానికి ఆనాడు మేకలు తప్ప యాత్రికులు లేరు. గుట్ట పాదాన, ఊరికి ఎడంగా, నలభై గడపల పల్లె ఉండేది. ఆ పల్లెకు కీర్తి అంటూ ఏదైనా ఉంటే అది దిబ్బయ్య వస్తాదు వల్ల వచ్చినదే గాని మరొకటి కాదు.

ఆ నామధేయం విని ఎవరూ నవ్వవలసిన పని లేదు. అతనికి ముందు పుట్టిన ముగ్గురు బిడ్డలు పురిటిలోనే కన్నుమూయగా, ఈ నాలుగవవాడైనా దక్కితే చాలునని తల్లి అతణ్ణి పుట్టగానే పెంటదిబ్బ మీద దొర్లించి, ఆ పేరే పెట్టి, కుడి దండచేతికి నల్లదారంతో వెండి తాయెత్తు కట్టింది. ఇది ఒంటిమీద ఉన్నన్నాళ్ళు నీకు చావు లేదు, తీసిన నాడు మాత్రం నేను చెప్పలేను బిడ్డా అని ఆమె అన్న మాట ఆ పసివాడికి పాలతోపాటు ఒంటబట్టిపోయింది. పెరిగి పెద్దవాడై అతను పల్లెలో సాము నేర్పే గరిడీ పెట్టాడు. కోడి కూయకముందే లేచి దండీలు, బస్కీలు తీసి, జొన్న అంబలి తాగి, రెండు బస్తాల ధాన్యమంత బరువున్న నల్లగుండును మోకాటి మీదికి, మోకాటి మీంచి రొమ్ము మీదికి, రొమ్ము మీంచి భుజం మీదికి ఎక్కించేవాడు. అయితే ఎత్తబోయే ముందు ప్రతిసారీ తాయెత్తును కళ్ళకద్దుకునేవాడు. బలం అతని కండలో ఉందని లోకం అనుకునేది, తాయెత్తులో ఉందని అతను అనుకునేవాడు.

ఆ కాలంలో ఇన్నయ్య అనే ఉపదేశి, ఆ ప్రాంతపు గుడికి పెద్దలైన విచారణ గురువుల ఆజ్ఞానుసారం, క్రీస్తుప్రభువు సువార్తను పల్లెపల్లెకూ నడిచి వెళ్ళి బోధించేవాడు. మనిషి బక్కపలుచన, గొడుగు పట్టుకుంటే ఎవరు ఎవరిని మోస్తున్నారో తెలిసేది కాదు. ఆయన ఒకనాటి సాయంత్రం గరిడీ అరుగు మీద కూర్చుని ప్రభువు సిలువ మోసిన వృత్తాంతం చెప్పాడు. రాత్రంతా దెబ్బలు తిని, నెత్తురు కారిపోయిన ఆ దేహం సిలువ బరువుకు కుంగి నేలకొరిగిందనీ, భటులు అటూ ఇటూ చూసి, పొలం నుంచి ఇంటికి పోతున్న సీమోను అనే పల్లెటూరి మనిషిని పట్టుకుని, ఆ సిలువ అతని భుజానికెత్తారనీ చెప్పేసరికి, దిబ్బయ్య కళ్ళ వెంట నీళ్ళు ధారలు కట్టాయి. "నేనుంటే ఆ భటులు నన్ను పట్టుకునే పని లేకపోయేదయ్యా, నేనే పోయి మోసేవాణ్ణి" అన్నాడతను. ఆ మాట నూటికి నూరుపాళ్ళూ నిజమేనని అక్కడున్న వారందరికీ తెలుసు.

మూడు నెలలు జపాలు నేర్చి, క్రిస్మసు పండుగనాడు అతనూ అతని భార్య గురవమ్మా మరి పది కుటుంబాల వారూ జ్ఞానస్నానం పొందారు. ఏ పేరు కావాలని గురువులు అడిగితే సీమోను అన్నాడు. ఆ తరువాత ఎవరూ అడగకుండానే దండచేతి తాయెత్తు విప్పి, ఇన్నయ్య అరచేతిలో పెట్టి, ఆయన వేళ్ళు తానే మూశాడు. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. మూసిన ఆ వేళ్ళను అతను వెంటనే వదలని సంగతి ఇన్నయ్య ఒక్కడే గమనించాడు.

ఇక్కడే మన సీమోను ఒక పొరపాటు చేశాడు. అది వస్తాదులు మాత్రమే చేయగల పొరపాటు. తాయెత్తు పోయిన చోటు బోసిగా కనిపించేసరికి, గురువులిచ్చిన చిన్న ఇత్తడి సిలువను అదే చోట, అదే ముడి వేసి, అలాంటి నల్లదారంతోనే కట్టుకున్నాడు. ఇక తన రక్షణభారం ప్రభువుదైనప్పుడు సాముతో పనేమిటని గరిడీకి తాళం పెట్టాడు. విభూతి బుధవారం నాడు నుదుట బూడిద పడగానే, ఈ దేహమే పాపాలపుట్ట గనుక దీన్ని ఎండగట్టడమే తపస్సని నిశ్చయించుకుని, పొద్దున నీళ్ళు, సాయంత్రం పిడికెడు మెతుకులు తప్ప ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. ప్రభువు తిరిగి లేచిన పాస్కు పండుగకు ముందు వచ్చే తపస్సుకాలం నలభై రోజులూ అలాగే ఉంటానన్నాడు. చెప్పి వినే రకమైతే అతను వస్తాదెందుకవుతాడు. గురవమ్మ మాత్రం ఊరుకోలేదు. "మేకపోతునడిగే దేవుణ్ణి వదిలి వచ్చింది, ఎముకల గూడునడిగే దేవుడి దగ్గరికా? ఆ ఉపదేశిని అడిగి చేస్తున్నావా ఈ పని, నీ తలకాయనడిగి చేస్తున్నావా?" అని గంజి ముంత ఎదుట పెట్టి రోజూ దులిపేసేది.

నెల తిరిగేసరికి ఆ పర్వతం లాంటి మనిషి భుజాలు వాలిపోయాయి, దవడలు లోపలికి పోయాయి. శిష్యులు ఒకరి తరువాత ఒకరు మొహం చాటేశారు. తాయెత్తు తీశాడు, బలం పోయింది, కొత్త దేవుడు మనిషిని నమిలేస్తున్నాడు అని పల్లెలో గుసగుసలు బయలుదేరాయి. జ్ఞానస్నానానికి కొత్తగా పేరిచ్చిన కుటుంబాలు కూడా, చూద్దాం లెమ్మని వెనుకంజ వేశాయి. అవన్నీ సీమోను భరించాడు గాని, ఒకనాడు వాగు నుంచి కడవ ఎత్తుకుని వస్తుండగా కళ్ళు తిరిగి ఇసుకలో కూలబడినప్పుడు మాత్రం అతని గుండె జారిపోయింది. తీసిన నాడు నేను చెప్పలేనన్న తల్లి మాట చెవిలో గింగురుమంది. నిజం చెప్పాలంటే అతనికి చావంటే భయం వేసింది. అంత భయం అతను పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ ఎరగడు.

ఆ మధ్యాహ్నమే ఇన్నయ్య పాక ముందు నిలబడి, తల దించుకుని, తన తాయెత్తు తనకిమ్మని అడిగాడు. ఇన్నయ్య తిట్టలేదు, ఉపదేశం చేయలేదు. చూరులో దాచిన తాయెత్తు తీసి ఇద్దరి మధ్యా చాపమీద పెట్టాడు.

"నీ వస్తువు, తీసుకో నాయనా. నేను కాదనను. కానీ ఒక్క సంగతి చెప్పి తీసుకో. ఆనాడు ఆ సీమోను పొలం నుంచి వస్తున్నాడు గదా. రోజూ మట్టి పిసికే ఒళ్ళది. అతను నీలాగా నెలరోజులు పస్తుండి, భుజాలు వేలాడేసుకుని ఆ దారిన వచ్చి ఉంటే, ప్రభువు సిలువ ఎవరు మోసేవారు?"

సీమోను తాయెత్తు వైపు చాచిన చేయి వెనక్కు తీసుకున్నాడు.

"నువ్వు మానేసిన అన్నం ఎవరి కంచంలోకి పోయింది? ఎవరి కంచంలోకీ పోకపోతే అది ఉపవాసమెట్లా అవుతుంది? నీ ఒళ్ళు ఆయన కొలువుండే గుడి నాయనా. గుడిని కూలగొట్టి అందులో దీపం పెడతానంటావేమిటి? ఆ సిలువను కూడా నువ్వు తాయెత్తునే చేశావు. దారం మారలేదు, ముడి మారలేదు, నీ భయమూ మారలేదు. ఆయన నువ్వు కట్టుకునే వస్తువు కాదు, నీ చేయి పట్టుకునేవాడు."

సీమోను తాయెత్తును చాపమీదే వదిలి లేచి వెళ్ళిపోయాడు. ఇంటికి పోయి గంజి ముంత అడిగితే గురవమ్మ ఉప్పు కాస్త ఎక్కువ వేసి ఇచ్చింది. మర్నాటి నుంచి గరిడీ తలుపు తెరుచుకుంది. ఒక దండీకి ఒక పరలోకజపం, ఒక బస్కీకి ఒక మంగళవార్తజపం చొప్పున, శ్వాసతో పాటు ప్రార్థనను కూడా లోపలికీ బయటికీ నడుపుతూ అతను మళ్ళీ సాధన ఆరంభించాడు. తాను తగ్గించుకున్న పూట భోజనాన్ని వాగు అవతల రోగంతో మంచం పట్టిన ముసలివాడికి మోసుకుపోయి ఇచ్చేవాడు. అయినా కరిగిన కండ పది రోజుల్లో తిరిగి వస్తుందా? పవిత్ర గురువారం సాయంత్రం నల్లగుండు మోకాలి దాకా లేచి, ధబ్బున నేల పడింది. చూడవచ్చిన వాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

పవిత్ర శుక్రవారం వచ్చింది. ఇన్నయ్య ముళ్ళగట్టు మీదికి పోయే కాలిబాట పొడవునా, ప్రభువు సిలువ మోసిన యాత్రను తలచుకుంటూ ఆగి జపించే సిలువమార్గంలోని పద్నాలుగు స్థలాలకు పద్నాలుగు తుమ్మకర్ర సిలువలు పాతి ఉంచాడు. ఐదవ స్థలం రెండు రాతిగోడల మధ్య ఒక మనిషి మాత్రమే పట్టే ఇరుకు సందులో వచ్చింది. ప్రభువు సిలువకు సీమోను భుజం పట్టిన ఘట్టం అదే గదా. అక్కడ ఒక పక్కన నిలువెత్తు బండ ఉంటే, చోటు చాలక ఆ బండ మొదట్లోనే గుంత తవ్వి సిలువ పాతారు. విశ్వాసులు జపిస్తూ నడుస్తున్నారు, వేడుక చూడవచ్చిన వాళ్ళు వెనుక వస్తున్నారు. ఐదవ సిలువ పక్కకు ఒరిగి ఉండడం చూసి, ఇన్నయ్య సరిచేద్దామని ముందుగా సందులోకి వెళ్ళాడు. ఆయన కర్రను కదిలించగానే మొదట్లో మట్టి జారింది, బండ పెద్దగా మూలిగి ముందుకు వాలింది. ఆయన నడుం నుంచి కింది భాగమంతా బండకూ ఎదుటి గోడకూ మధ్య ఇరుక్కుపోయింది. బండ అంతటితో ఆగక, మట్టి రాలుతున్నకొద్దీ వేలెడు వేలెడు చొప్పున ఇంకా వాలుతూనే ఉంది.

జనం హాహాకారాలు చేశారు గాని చేయగలిగింది ఏముంది? సందులో ఇద్దరు పక్కపక్కన నిలబడే చోటు లేదు. గడ్డపార తెచ్చేలోగా ఆ బక్కప్రాణం నిలవదు. సీమోను అందరినీ తోసుకుని వచ్చి సందు మొదట ఆగాడు. ఆ బండ తన నల్లగుండుకు మూడింతలుంటుందని అతనికి చూపులోనే తెలిసింది. తాను ఇప్పుడు మోకాలి దాకా తప్ప లేపలేని మనిషినని కూడా తెలుసు. దూరితే ఇద్దరూ పోతామని భయపడ్డాడు. అప్పుడు ఇన్నయ్య తల తిప్పి అతణ్ణి చూశాడు. అంత బాధలోనూ ఆ మొహాన చిరునవ్వు లాంటిది మెదిలింది.

"పొలం నుంచే వస్తున్నావా, సీమోనూ?"

"వస్తున్నానయ్యా" అన్నాడు సీమోను, సందులోకి దూరాడు.

వంగి, బండ కిందికి కుడి భుజం పోనిచ్చి, కాళ్ళు తన్నిపట్టి, పరలోకజపం ఎత్తుకుని శ్వాస బిగించాడు. కండ ఉబికిన ఆ క్షణంలో దండచేతి నల్లదారం పుటుక్కున తెగి సిలువ మట్టిలో పడింది. తాయెత్తు విప్పిన నాటి తరువాత ఆ చేయి మళ్ళీ బోసి అయింది. అతను దానివైపు చూడనైనా చూడలేదు. బండ వాలడం ఆగింది గాని లేవలేదు. అంతలో వీపు మీద ఎవరిదో అరచేయి ఆనింది. మొహం చాటేసిన శిష్యులలో పెద్దవాడైన బొల్లన్న వెనుక చేరి తన బలం పెట్టాడు. అతని వీపు మీద మరొకడు చేతులు వేశాడు, వాడి వెనుక ఇంకొకడు. నిన్న నవ్వినవాళ్ళూ, పేరిచ్చి వెనక్కు తీసుకున్నవాళ్ళూ, అసలు ఏ పేరూ ఇవ్వనివాళ్ళూ ఒకరి వెనుక ఒకరు గుట్ట దిగువ దాకా వరుస కట్టి, ముందున్నవాడి భుజం మీద చేయి వేసి ఒక్క ఊపిరిగా తోశారు. జపం రానివాళ్ళు కూడా ఆ జపమే అన్నారు. బండ జానెడు లేచింది. గురవమ్మ మొగుడి కాళ్ళ మధ్య నుంచి పాకి వెళ్ళి, ఇన్నయ్య చంకల్లో చేతులు వేసి బయటకు లాగింది. సీమోను వెనక్కు జరిగాక బండ ఎదుటి గోడకు ఆని, పందిరిలా నిలిచిపోయింది.

ఇన్నయ్య ఆ తరువాత పన్నెండేళ్ళు కర్ర పట్టుకుని కుంటుతూ సువార్త చెప్పాడు. ఆ పాస్కు పండుగకు పల్లె యావత్తూ పేర్లిచ్చింది. మట్టిలో దొరికిన ఇత్తడి సిలువను గురవమ్మ ఇంటి గోడకు తగిలించింది. చాపమీద మిగిలిపోయిన వెండి తాయెత్తును సీమోను సమ్మతితో కరిగించి, తీర్థజలపు గిన్నె పగులుకు అతుకు వేశారు. మరి అంత బండ లేపినవాడు మర్నాడు నల్లగుండును ఆడుతూ పాడుతూ ఎత్తి ఉంటాడని మీరనుకోవచ్చు. లేదు, మర్నాడూ మోకాలి దాకే లేచింది. రోజూ దండీలు తీస్తూ జపం చేస్తూ, అది భుజమెక్కడానికి పాస్కు దాటిన యాభయ్యో నాటి పెంతెకోస్తు పండుగ దాకా పట్టింది.

నాటినుంచి ముళ్ళగట్టు సీమోనుగట్టయింది. ఐదవ స్థలంలో ఆ బండ నేటికీ అలాగే వాలి ఉంది. దాని అడుగున మనిషి భుజం సరిగ్గా అమిరేటంత గుంట ఒకటి ఉంది కనుక దాన్ని భుజంబండ అంటారు. ఆ గుంట ముందునుంచీ ఉన్నదేనని చెప్పే తెలివిగలవాళ్ళు కూడా లేకపోలేదు, ఉంటే ఉండనీయండి. తపస్సుకాలం నలభై రోజులూ ఆ ఊరి పిల్లలు, ఆడపిల్లలతో సహా, తెల్లవారుతూనే గుడి ముందు జపానికొక దండీ చొప్పున తీస్తారు. ఇళ్ళలో తగ్గించుకున్న పూట బియ్యం గుడి కుండలో పోసి, కదలలేనివాళ్ళ ఇళ్ళకు నెత్తిన మోసుకుపోయి ఇస్తారు. బండ కిందికి పోయేటప్పుడు ఎవరి చేతికీ ఏ దారమూ ఉండకూడదు. గడియారం కూడా తీసి జేబులో వేసుకుంటారు.

పవిత్ర శుక్రవారం నాడు ఆ సందులో బారులు తీరి, ముందున్నవారి భుజం మీద చేయి వేసి నడుస్తారు. ఒక్కొక్కరూ వంగి గుంటలో భుజం ఆనించే ముందు, అవతల నిలబడిన నేటి ఉపదేశి, ఆనాడు ఇన్నయ్య అడిగిన మాటనే అడుగుతాడు. మాస్టారైనా, బస్సు డ్రైవరైనా, గుంటూరు ఆసుపత్రి నుంచి సెలవు పెట్టి వచ్చిన నర్సమ్మ అయినా జవాబు ఒక్కటే చెప్పాలి. దాన్ని అబద్ధం కింద ఎవరూ జమ కట్టరు. నడుం కూడా వంచలేని ముసలమ్మ ఒకతె ప్రతి ఏడూ మనవరాలి వీపు మీద అరచేయి ఆనించి అక్కడిదాకా వస్తుంది. ఉపదేశి ఆమెను అడగకుండా వదిలేయబోతే ఒప్పుకోదు. ఆగి, ఆయాసం తీర్చుకుని, అడిగించుకుని మరీ చెబుతుంది.

"వస్తున్నానయ్యా."