మసి లేని వంటిల్లు

ఒకానొక రాజ్యంలో కట్టెలకు కరువొచ్చింది. అన్నం వండుకోవడానికని, ఇటుకలు కాల్చడానికని నరికీ నరికీ ఊరి పక్కనున్న అడవిని కొండ వెనక్కి తరిమేశారు. కట్టెల బండి వీధిలోకి వస్తే పెళ్ళికొడుకు వచ్చినంత సంబరంగా జనం ఎదురెళ్ళేవారు.

ఆ రాజ్యాన్ని ఏలే కీర్తిభూషణ మహారాజుకు ప్రజలంటే ప్రేమే. పొగడ్తలంటే అంతకంటే ప్రేమ. ఆయన చాటింపు వేయించాడు: "ఇంట్లో కట్టెలు ఆదా చేయదలచిన వారికి రాజుగారి సాయం! పొగగొట్టం ఉన్న కొత్త పొయ్యి, మిద్దె మీద ఎండకు నీళ్ళు కాగే రాగి బాన ఉచితం!" చాటింపు ఊరంతా తిరిగి రాకముందే, 'వనరక్షక చక్రవర్తి' అని తనకొక బిరుదు కూడా సిద్ధం చేయించుకున్నాడు.

ఆలోచన మంచిదే. దాన్ని అమలు చేసే పని మహామంత్రి వామదేవ భట్టు చేతిలో పడింది, అదీ చిక్కు. భట్టు తర్కశాస్త్రంలో దిట్ట. పుట్టి బుద్ధెరిగాక పొయ్యి రాజేసిన పాపాన మాత్రం పోలేదు.

"సాయం ఎవరికి కావాలి? కట్టెలు ఎక్కువ తగలేసేవారికి. ఎవరు ఎక్కువ తగలేస్తున్నారో ఎలా తెలుస్తుంది? వంటింటి కప్పుకు పట్టిన మసిని బట్టి," అని ఆయన సూత్రం తేల్చాడు. అధికారులు కర్రలకు తెల్లగుడ్డ చుట్టుకుని ఇల్లిల్లూ తిరగసాగారు. కప్పు తుడిచినప్పుడు గుడ్డ ఎంత నల్లబడితే ఆ ఇంటికి సాయం అంత ముందు.

జనం అమాయకులేమీ కాదు. సంగతి తెలిసిన మరునాటి నుంచే పచ్చి చింతకొమ్మలు తెచ్చి పొయ్యిల్లో పెట్టారు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా, ఉక్కిరిబిక్కిరవుతున్నా, కప్పుకేసి చూసి "ఇంకాస్త నలుపెక్కాలే" అనుకున్నారు. నెల తిరిగేసరికి ఊళ్ళో కట్టెల వాడకం రెట్టింపయింది. రాజుగారు మాత్రం గుట్టలుగా వచ్చిపడిన అర్జీలు చూసి మీసం దువ్వుకున్నాడు.

కోటలో రాజుగారి వంటశాలకు పెద్ద బొల్లన. పొద్దున్నే లేచి నలభై రకాలు వండే మనిషి, తను మాత్రం మధ్యాహ్నం కోటగుమ్మం ఎదుట సూరమ్మ నడిపే పూటకూళ్ళ ఇంటికి పోయి తినేవాడు. రోజంతా ఆ వాసనల్లోనే ఉండేవాడికి తన వంట తనకు ఎలా సయిస్తుంది?

సూరమ్మకు ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. వడ్లు దంచేచోట ఊరికే పారబోసే ఊక తెచ్చి, మట్టిపొయ్యిలో గట్టిగా కూరి, నడుమ బెజ్జం వదిలి కింద నుంచి నిప్పు పెట్టేది. అది పొగ లేకుండా పూటంతా నిలకడగా మండేది. నల్లరంగు పూసిన కుండలు మిద్దె మీద పెడితే, మధ్యాహ్నానికల్లా బాటసారుల స్నానానికి వేన్నీళ్ళు సిద్ధం.

ఒకరోజు బొల్లన వెళ్ళేసరికి ఆవిడ గుమ్మంలో కూలబడి ఉంది.

"ఏమైంది సూరక్కా?"

"మసి చూసే అధికారి వచ్చాడు తమ్ముడూ. ముందు భోజనం పెట్టమన్నాడు. మారడిగి మరీ తిన్నాడు. చెయ్యి కడుక్కుని కప్పు తుడిచాడు. గుడ్డ తెల్లగా వచ్చింది. ఇదిగో, ఇది రాసిచ్చి పోయాడు."

బొల్లన పత్రం చదివాడు. 'ఈ ఇంట మసి లేదు గనుక వంట జరుగుట లేదు. వంట జరగని పూటకూళ్ళ ఇల్లు జనులను మోసగించునది. మూడు దినములలో మూసివేయవలెను.' కింద రాజముద్ర.

"ఈ ఇల్లు మూస్తే నేనెక్కడికి పోను? నాకు వచ్చింది వంటొక్కటే కదా!" అంది సూరమ్మ. ఆ మాటకు బొల్లనకు అరికాలి మంట నెత్తికెక్కింది. తిండి సంగతి మరిచి తిన్నగా మంత్రి దగ్గరికి పోయాడు.

"స్వామీ, ఆవిడ వండిన పప్పు నిన్న కూడా తిన్నాను."

"నీ నాలుక ప్రమాణం కాదయ్యా," అన్నాడు భట్టు. "పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది. తర్కంలో మొదటి పాఠం. అక్కడ పొగ లేదు, కనుక నిప్పు లేదు. నిప్పు లేనిదే వంట ఎక్కడిది? గరిటె తిప్పేవాడివి, నీకెందుకీ గొడవ?"

బొల్లన దణ్ణం పెట్టి వచ్చేశాడు. పండితుడితో వాదించడం కంటే రాజుగారి ఆకలిని నమ్ముకోవడం మేలనుకున్నాడు.

మర్నాడు అదే అధికారిని వంటశాలకు పిలిచాడు.

"అయ్యా, ఈ పరీక్ష రాజుగారి వంటశాలకు ఉండదా?"

"ఎందుకుండదు? ఎక్కువ తక్కువలు చూడొద్దని మంత్రిగారి ఆజ్ఞ," అంటూ అధికారి కర్ర ఎత్తాడు. వంటశాలకు పొగగొట్టాలున్నాయి, పక్షానికోసారి సున్నం వేస్తారు. గుడ్డ మల్లెపువ్వులా వచ్చింది. పక్కనే మూకుట్లో పోపు చిటపటలాడుతుంటే, ఆ ఘాటుకు నాలుగుసార్లు తుమ్మి, 'వంట జరుగుట లేదు' అని రాసి ముద్ర వేసి పోయాడు.

మూడోరోజు మధ్యాహ్నం రాజుగారు భోజనానికి కూర్చున్నాడు. ఎదురుగా బంగారు పళ్ళెం తళతళలాడుతోంది. అందులో మెతుకు లేదు.

"ఏదీ భోజనం?"

"పళ్ళెం పెట్టాను కదా ప్రభూ."

"పళ్ళెం తినమంటావా?"

బొల్లన చేతులు కట్టుకుని పత్రం ముందుంచాడు. "తమ వంటశాలలో వంట జరగడం లేదని తమ ముద్రతోనే వచ్చింది. ఇప్పుడు నేను అన్నం వడ్డిస్తే రాజముద్ర అబద్ధమాడినట్టవుతుంది. తల పోయినా ఆ పాపం నేను చేయలేను ప్రభూ. అందుకే పొద్దున్నుంచీ పొయ్యి వెలిగించలేదు."

రాజు ముఖం కందగడ్డయింది. భట్టును పిలిపించాడు. భట్టు పత్రాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. తప్పని ఒప్పుకుంటే సూత్రం కూలుతుంది, ఒప్పుకోకపోతే రాజు పస్తు.

"సూత్రం సూత్రమే ప్రభూ..." అని నసిగాడు.

"సూత్రం తరువాత. ముందు నాకు ఆకలి!"

"కోటగుమ్మం ఎదుట వంట జరగని ఇల్లు మరొకటుంది ప్రభూ. అక్కడ పప్పు బాగుంటుంది," అన్నాడు బొల్లన.

ఆకలి వేళ కాబట్టి రాజు పల్లకీ కోసం కూడా ఆగకుండా, భట్టునూ బొల్లననూ వెంటబెట్టుకుని నడిచాడు. ఆ సాయంత్రమే ఇల్లు మూయాల్సిన సూరమ్మ, గుమ్మంలో మహారాజును చూసి కొంగు సర్దుకుంటూ లేచింది. "చింతచిగురు పప్పూ చారూ తప్ప ఏమీ లేవు మారాజా," అంటూనే ఆకు వేసింది. రాజు మూడుసార్లు మారడిగాక గానీ తలెత్తలేదు.

"భట్టూ, ఇక్కడ వంట జరగదన్నావటగా? మరి నేను తిన్నదేమిటి?"

"ఎక్కడో వండి తెచ్చి ఉంటారు ప్రభూ," అన్నాడు భట్టు పట్టు విడవకుండా. "ఆ పొయ్యి చూడండి, పొగ ఉందా? పొగ లేదు, కనుక నిప్పు లేదు."

బొల్లన వంగి, ఊక కదపడానికి పొయ్యి బెజ్జంలో పెట్టిన ఇనుప కడ్డీని గుడ్డతో పట్టుకుని బయటికి లాగాడు. కొస ఎర్రగా కణకణలాడుతోంది.

"దీనికీ పొగ లేదు స్వామీ. అంటే నిప్పు లేదన్నమాటే. ఆ కొస కాస్త పట్టుకోండి."

భట్టు రెండు చేతులూ ఉత్తరీయంలో దాచుకుని గోడకు అంటుకుపోయాడు.

"పట్టుకోండి స్వామీ, భయం దేనికి? మొదటి పాఠమే కదా!"

రాజు పకపకా నవ్వాడు. చారు పొలమారింది, అయినా నవ్వు ఆగలేదు. నవ్వు ఆగాక తన మెళ్ళోని ముత్యాల హారం తీసి బొల్లన మెడలో వేశాడు. "నన్ను పస్తు పెట్టి బుద్ధి చెప్పినవాడివి నువ్వొక్కడివే," అన్నాడు. సూరమ్మకిచ్చిన పత్రం అక్కడే చింపించాడు.

ఊళ్ళో మసి కోసం జరుగుతున్నదంతా బొల్లన చెప్పాక రాజుకో సందేహం వచ్చింది. "అమ్మా, ఊరంతా పచ్చికట్టెలు కాల్చి మసి పట్టించారటగా. నువ్వూ ఆ పని చేసి ఉంటే ఈ బాధ తప్పేది, రాగి బాన కూడా దక్కేది. ఎందుకు చేయలేదు?"

సూరమ్మ తల వంచుకుంది. "పాత పొయ్యి పొగకే మా ఆయన దగ్గి దగ్గి పోయాడు మారాజా. పోయాక ఈ ఊక పొయ్యి పెట్టుకున్నాను. ఇల్లు పోతే పోయింది గానీ, ఆ పొగ మళ్ళీ ఇంట్లోకి ఎలా రానిస్తాను?"

రాజు నవ్వు మాయమైంది. ఆయనకు సిగ్గేసింది. బిరుదు మాట ఆ తరువాత మళ్ళీ ఎత్తలేదు.

మర్నాటి నుంచి అధికారులు చేతిలో కర్రలు లేకుండా వచ్చారు. కప్పులకేసి ఎవరూ చూడలేదు. సూరమ్మ ముందు నడుస్తుంటే, ప్రతి గుమ్మం దగ్గరా ఆగి ఒక్క మాటే అడిగారు: "అమ్మా, ఈ ఇంట్లో ఎవరైనా దగ్గుతున్నారా?"