మద్దిలేటి శనగచేను, నక్క పరిగె

కథ చిన్నదే. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినా పొంగేలోపు ముగిస్తాను.

మాది నల్లరేగడి ఊరు. వాన పడితే నేల కాళ్లు పట్టుకుంటుంది, పడకపోతే నోరు తెరుస్తుంది. నోరు తెరవడం మేమంతా నేల దగ్గరే నేర్చుకున్నాం. అన్నట్టు, కౌజుపిట్ట కూతురికి మూడో సంబంధం కూడా తప్పిపోయింది. పెళ్లికొడుకు వాళ్లు పిల్ల ఎగిరితే చూస్తామన్నారట, పిల్ల నడిచి చూపించిందట. అందులో తప్పేముందని గాడిద అడిగాడు. గాడిదను ఎవరూ అడగలేదు. సరే, శనగచేను సంగతికి వస్తాను.

చేను ఎద్దు మద్దిలేటిది. ఆ ఏడు విత్తాక ఒక్క వానే పడింది. మొక్క జానెడు దాటలేదు, కాయలు నేలకు నాలుగు వేళ్ల ఎత్తులో వేలాడాయి. మద్దిలేటికి గింజ కన్నా పొట్టు ముఖ్యం. కాయ దులిపాక మిగిలే ఆ పొట్టే ఎండాకాలమంతా అతని తిండి. కిందటేడు పొట్టు చాలక పక్క కొట్టంలోని ఎద్దు మేత వెతుక్కుంటూ కొండకు పోయాడు. తిరిగి రాలేదు.

ఏటా కోత కొండముచ్చుల గుంపుదే. మేస్త్రి సుంకులమ్మ. మంచు ఆరకముందే చేలో దిగి మొక్కను వేరుతో పీకుతారు. ఎండెక్కితే కాయ రాలిపోతుంది. శనగ పులుపుకు చేతులు పగులుతాయి.

"ఎన్నాళ్లు పడుతుంది సుంకులమ్మత్తా?" అన్నాడు మద్దిలేటి.

"ఎనిమిది రోజులు. తొమ్మిదైతే నన్ననొద్దు. అందరి నడుములూ పోయినాయి."

"తూర్పున మబ్బు పట్టింది."

"దాన్ని కూడా నన్నే పీకమంటావా?"

నక్క ఓబులేసు గట్టు మీద కూర్చుని ఇదంతా విన్నాడు. ఊరికి కొత్త. ఎలుగుబంటి నడిపే కోత మిషన్‌కు ఏజెంటునని చెప్పుకునేవాడు. కోళ్ల గూళ్లకు ఎదురుగా ఇల్లు తీసుకున్నాడు. గాలి బాగా వస్తుందట.

"ఎనిమిది రోజులెందుకన్నా? మా మిషన్‌కు గంట పని."

"కూలి ఇచ్చుకోలేనప్పా."

"నీ దగ్గర కూలేందన్నా. కోసినాక చేలో మిగిలే పరిగె నాకిడువు, చాలు."

"మరి పొట్టు?"

"మిషన్ వెనక నుంచి చల్లేస్తుంది. నేలకు బలం."

"నాకు?"

"నేల బలంగా ఉంటే నువ్వు ఉన్నట్టే గదన్నా."

మద్దిలేటి నెమరు ఆపి ఆలోచించాడు. అతను ఆలోచిస్తే పొద్దు గూకుతుంది. గూకింది. మబ్బు ఇంకాస్త నల్లబడింది. వాన పడితే పొట్టుతో పాటు గింజ కూడా పోతుందని మిషన్‌కే ఒప్పుకుని, ఆ మాట చెప్పడానికి సుంకులమ్మ దగ్గరికి తల దించుకుని వెళ్లాడు.

"పోనీలే నాయనా," అందామె. "మా నడుములకూ సెలవు. ఆ పరిగె మాట మాత్రం నక్కను పదిమందిలో అనమను."

ఓబులేసు పదిమందిలో రెండుసార్లు అన్నాడు.

మిషన్ మిట్టమధ్యాహ్నం వచ్చింది. "రాళ్లున్నాయి మామా, కత్తి ఎత్తి పెట్టు," అని నక్క ఎలుగుబంటి చెవిలో చెప్పాడు. గంటలో పని అయిపోయింది. మద్దిలేటికి అరబస్తా గింజలొచ్చాయి. పొట్టు గాలికి పక్క ఊరు చేరింది, అక్కడి ఎద్దులు సాయంత్రం దాకా తుమ్మాయి. చేలో మాత్రం సగం సగం మొక్కలు, అడుగున కాయలు ఉన్నవి ఉన్నట్టే.

"ఎండాకాలం ఎట్లా గడుస్తుంది?" అన్నాడు మద్దిలేటి. అక్కడ కాకి ఒక్కటే ఉంది. ఎద్దు పుండు కాకికి ముద్దా?

మర్నాడు ఓబులేసు అడవిపందులను కూలికి తోలుకొచ్చాడు. ఒక్క పూటలో పెకలించి, గింజలు కోళ్లకు ఎర వేద్దామని ఆలోచన. గట్టు మీద సుంకులమ్మ కాళ్లు చాపుకుని కూర్చుంది.

"పందుల్ని పంపెయ్ ఓబులేసూ. ఈ ఊళ్లో పరిగెకు కూలి పెట్టకూడదు. పట్టినవాడే పీకాలి, పట్టినవాడే దులపాలి. గింజ నీది, పొట్టు చేను గలవాడిది. మధ్యలో వదిలేస్తే ఊరు వదిలిపోవాల."

"ముందే చెప్పొచ్చు గదా."

"నువ్వు అడగలేదు గదా."

నక్క కోళ్ల గూళ్ల వైపు చూశాడు. ఆ ఊరు వదలడం ఏ నక్కకైనా కష్టమే.

మొదటి రోజు మధ్యాహ్నం దిగాడు. కాయలన్నీ రాలాయి, ఎలుకలు నమస్కారం పెట్టాయి. రెండో రోజు, "ఎప్పుడు దిగాలత్తా?" అన్నాడు.

"మంచు ఆరకముందు."

ఇరవై రెండు రోజులు పీకాడు. కాళ్లకు మొక్క పట్టు చిక్కలేదు, నోటితో పీకాడు. మూతి పగిలింది. మబ్బు అందరినీ భయపెట్టి వెళ్లిపోయింది. మా మబ్బులకు అంతకు మించి చేతకాదు.

మద్దిలేటి కొట్టంలో పొట్టు కుప్ప పడింది. నాలుగు నెలలకు సరిపోయింది. "కొంచెం పుల్లగా ఉంది," అన్నాడు తింటూ.

నక్క గింజలు చల్లాడు. కోళ్లు వచ్చాయి, తిన్నాయి, వెళ్లిపోయాయి. వంగిన నడుము లేచేసరికి ముంగిట ఈకలు కూడా లేవు.

నీతి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను: పరుల నడుముల మీద పరిగె ఏరాలనుకునేవాడు ముందు తన నడుము తడిమి చూసుకోవాలి.

ఈ ఏడు కోత మిషన్‌ను ఊళ్లోకి రానివ్వకూడదని, కూలోళ్ల నోరు కొట్టకూడదని పంచాయతీలో అర్జీ పడింది. పెట్టింది ఓబులేసు. ఇప్పుడు సుంకులమ్మ గుంపులో చివరి సాలు అతనిదే.