నాలుక కింద

సింహాద్రి అబద్ధమాడుతున్నాడని చిత్రభానుకు రూఢి అయిపోయింది.

కొండమీద సన్యాసులు నడిపే క్షయ ఆసుపత్రి అది. చిత్రభాను అక్కడి ప్రయోగశాలలో శిష్యుడు. సింహాద్రి క్వారీలో రాళ్లు కొట్టే కూలీ. చివరి ఒంటిగది అతనిది, చూడ్డానికి వచ్చేవాళ్లెవరూ లేరు. మూడు నెలలుగా మందు వేస్తున్నా జ్వరం దిగదు, మనిషి పుల్లలా అయిపోతున్నాడు. అతను చేరినరోజు తీసిన కఫంలోంచి పెంచిన క్రిమి మాత్రం ఆ మందుకు ఇట్టే చచ్చింది.

మందు మంచిదే. మరి లోపం ఎక్కడ? మనిషిలోనే.

"మాత్రలు ఉమ్మేస్తున్నావు కదూ?"

"నేదు బాబూ. అమ్మతోడు, మింగుతున్నాను."

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే మాత్ర మింగించి, నోరు తెరిపించి, నాలుక ఎత్తించి చూసేవాడు. అయినా జ్వరం తగ్గకపోయేసరికి, తర్వాత కక్కేస్తున్నాడనుకున్నాడు. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా! పలకరించడం కూడా మానేశాడు. పాపం, సింహాద్రిని పలకరించే మనిషి అతనొక్కడే.

చివరికి గురువు భూమానందస్వామికి ఫిర్యాదు చేశాడు. స్వామి ఆ మొదటి కఫంలోని క్రిములు పెంచిన గాజుపళ్లెం తెప్పించారు. అందులో నలభై దాకా చుక్కలున్నాయి, ఒక్కో చుక్కా ఒక్కో క్రిమి సంతానం.

"వీటిలో ఎన్నింటిని పరీక్షించావు?"

"ఒకటి స్వామీ. విడిగా, చక్కగా పెరిగినదాన్ని ఏరుకున్నాను. అన్నీ ఒకే జాతి. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలదా?"

"మెతుకులు పిల్లల్ని కనవు నాయనా," అన్నారు స్వామి.

అదే మందు కలిపిన గొట్టాలు పది అతని ముందు పెట్టి, పది చుక్కలు ఏరి ఒక్కోదాన్ని ఒక్కో గొట్టంలో వెయ్యమన్నారు. ఫలితం తెలియడానికి ఆరు వారాలు పడుతుంది. కానీ ఆ పూటే వెళ్లి సింహాద్రికి మందు పూర్తిగా మార్చేశారు.

"రుజువు రాకుండానే మార్చారేం స్వామీ?"

"మింగుతున్నానని ఆయన చెప్పాడుగా."

ఆ ఆరు వారాలూ చిత్రభాను ప్రయోగశాలలో ఒంటరిగా గడిపాడు. కొత్త మాత్రలకూ నాలుక ఎత్తించడం మానలేదు. రోజూ గొట్టాలు వెలుతురుకేసి ఎత్తి చూసేవాడు. తొమ్మిదింటిలో ఏమీ మొలవలేదు. పళ్లెం అంచున నలిగినట్టున్న చిన్న చుక్కను, తను అప్పట్లో పనికిరాదని వదిలేసినదాన్ని, పదో గొట్టంలో వేశాడు. అందులో క్రిమి పెరిగింది, ఆ మందులోనే.

అన్నీ ఒక తల్లి సంతానమే. ఎక్కడో ఒకటి కాస్త తేడాగా పుట్టింది. మూడు నెలలపాటు తను వేసిన మందు తక్కినవాటిని చంపి, దానికి చోటు ఖాళీ చేసి పెట్టింది.

చిత్రభానుకు చచ్చేంత సిగ్గేసింది. గొట్టం అక్కడే పెట్టి ఒంటిగదికి నడిచాడు.

సింహాద్రికి వారం నుంచీ జ్వరం లేదు. గోడవైపు తిరిగి పడుకున్నవాడు, చెప్పుల చప్పుడు విని లేచి కూచున్నాడు.

అది మాత్ర వేసే వేళ కాదు. చిత్రభాను చేతులు ఖాళీగానే ఉన్నాయి.

అతను మాట కూడదీసుకునేలోపే సింహాద్రి నోరు తెరిచి, నాలుక పైకెత్తి చూపించాడు.