‘లేదు’ అని రాసిన గడి

కూర్మనాథం గారిని ‘ఎందుకు’ అని అడిగితే జవాబు రాదు, తను చూసిందేదో ఒకటి చెప్తారు. వేదాంత పాఠాలు మొదలుపెట్టకముందు ఆయన ముప్పై ఏళ్లు పోలీసు శాఖలో విచారణ పని చేశారు. రహస్య కాగితాలు చూసే ఉద్యోగాలకి ఎంపికైనవాళ్ల ఊళ్లు తిరిగి, మంచిచెడ్డలు వాకబు చేసి, నమ్మదగిన మనిషో కాదో రాసిచ్చే పని. ఉపనిషత్తుల కంటే ఆ తిరుగుడే ఆయనకి ఎక్కువ నేర్పిందని ఆయన దగ్గర పాఠం వినే మాలో కొందరికి గట్టి అనుమానం.

ఒక ఆదివారం పొద్దున పాఠం అయిపోయినా పైడిరాజు లేవలేదు. విశాఖలో యుద్ధనౌకల నమూనాలు గీసే ఆఫీసులో వాడికి ఉద్యోగం వచ్చి వారమైంది. మూడేళ్లు చదివి తెచ్చుకున్నాడు. చేరేముందు నింపాల్సిన విచారణ ఫారం వాడి చొక్కా జేబులో మడతపెట్టి ఉంది.

“నాతోపాటు ఎంపికైన స్నేహితుడొకడు హాస్టల్లో ఏడాదిపాటు గంజాయి తాగాడు గురువుగారూ. మానేసి ఐదేళ్లయింది. ఫారంలో అడిగారు గానీ, రాస్తే ఉద్యోగం పోతుందేమో. అయిపోయినదాన్ని ఇప్పుడెందుకు రాయాలి?”

“నువ్వూ తాగావా?” అన్నారు గురువుగారు.

“అబ్బే, లేదండీ.”

ఆయన కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుని, దాలినాయుడనే కుర్రాడి సంగతి చెప్పారు.

అలాంటి ఉద్యోగమే, అదే ప్రశ్న. ఆ గడిలో ‘లేదు’ అని గుండ్రటి అక్షరాలతో రాసుంది. ఊళ్లో అందరూ బంగారంలాంటి పిల్లాడన్నారు. చదువుకునేటప్పుడు అద్దెకున్న ఇంటావిడ మాత్రం, “మంచోడే బాబూ. గానీ ఆడి నేస్తం ఒకడొచ్చినప్పుడల్లా ఆ గదిలోంచి అదో రకం పొగ వచ్చీది” అంది. గురువుగారు దాలినాయుడి ఇంటికెళ్లి, ఇందులో రాయనిది ఇంకేమైనా ఉందా అని అడిగారు. “ఏమీ లేదు సార్” అన్నాడు వాడు, తలుపురెక్క గట్టిగా పట్టుకుని. ఇంతలో వాళ్లమ్మ మజ్జిగ తెచ్చిచ్చి, కొడుకు ఉద్యోగం తలుచుకుని కళ్లు తుడుచుకుంది. గురువుగారు మజ్జిగ తాగి, పొగ సంగతి వదిలేసి, నమ్మదగినవాడని సంతకం పెట్టేశారు. దయ చూపించానని దారి పొడుగునా సంతోషపడ్డారట.

నాలుగేళ్లకి ఆ నేస్తం దాలినాయుణ్ణి వెతుక్కుంటూ వచ్చాడు. బెదిరించలేదు. పాత కబుర్లు చెప్పి, నవ్వి, “మనం తాగిన సంగతి మీ ఆఫీసులో తెలుసా?” అని మాత్రం అడిగాడు. మొదట ఒక అధికారి ఫోన్ నంబరు చాలన్నాడు. తరవాత ఫలానా నౌక ఏ రోజు బయల్దేరుతుందో చెప్పమన్నాడు. మూడోసారి ఒక నమూనా కాగితం కావాలన్నాడు. ఉద్యోగం పోతుందని భయపడి అన్నీ ఇచ్చినవాడు చివరికి జైలుకి పోయాడు. వాళ్లమ్మ ఆ ఏడాది తిరక్కుండానే పోయింది.

గురువుగారు జైలుకెళ్లి వాణ్ణి చూశారు. ఎందుకెళ్లారో ఆయనకే తెలీదు. దాలినాయుడు తిట్టలేదు, ఏడవలేదు.

“ఆ రోజు మీరు ఇంకోసారి అడిగుంటే చెప్పీసేవాణ్ణి సార్” అన్నాడంతే.

మేమంతా తలలు దించుకున్నాం. పైడిరాజు మాత్రం ఉండబట్టలేక, “మరి నిజం రాస్తే ఉద్యోగం ఇస్తారా గురువుగారూ?” అన్నాడు. వాడి చెయ్యి జేబు మీదికి పోయింది.

“రాసినవాళ్లలో కొందరికి ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు.”

ఆయన కళ్లజోడు పెట్టుకుని, వాడి మొహంలోకి చూశారు.

“పైడిరాజూ, ఇంకోసారి అడుగుతున్నాను.”