గోరింట ఔటైన ఆట

వేసవిలో ఆ ఏరు ఎండిందంటే అడవి కుర్రకారుకు పండగే. ఏటి మధ్యలో మెత్తని ఇసుక మేట వేస్తుంది, ఒడ్డు వారన ఒండ్రు ఆరి గట్టినేల తేలుతుంది. పుచ్చపాదులు వేసిన రైతులు మంచి కాయలు కోసుకుని, గిడసబారినవి వదిలేసి పోతారు. ఆ కాయలన్నీ కుప్ప పోసి, గుట్ట పక్క పిల్లలకూ ఏటి పక్క పిల్లలకూ చెడుగుడు పందెం పెట్టడం అక్కడి ఆనవాయితీ. గెలిచినవాళ్ళదే కుప్ప.

గుట్ట జట్టుకు ఆట నేర్పేది వీరభద్రం అనే నక్క. గెలిస్తే కుప్పలో సగం తనకని ముందే మాట్లాడుకున్నాడు కాబట్టి నేర్పడంలో లోపం చేయలేదు. మెత్తని ఇసుకలో నెలల తరబడి పరుగులు పెట్టించాడు. ఆ ఇసుకలో వాళ్ళను తాకి బతికినవాడు లేడు.

ఏటి జట్టుకు నాయకుడు ముత్యాలు అనే పందిపిల్ల. ఆ ఏడాది అతగాడికి సరిగ్గా ఆట వేళకు ఒకరు తక్కువయ్యారు. లేగదూడ ఎవరూ చూడకుండా కుప్పలో కాయలు రుచి చూసి, కడుపుబ్బరంతో పొదకింద మూలుగుతోంది. ఏడుగురు లేకపోతే పందెం లేదు.

అప్పుడు ఒడ్డు మీద కూర్చున్న గోరింట లేచింది.

గోరింట మేకపిల్ల. పుట్టుకతోనే వెనక కాలొకటి పొట్టి, మోకాలు వంగదు. ప్రతి వేసవీ ఆ ఒడ్డునే కూర్చుని అందరి ఆటా చూసింది. ఎవడు కూతకొచ్చేముందు చెవి ఆడిస్తాడో, ఎవడు ఎడమకు చూసి కుడికి దూకుతాడో ఆమెకు తెలుసు. తెలియనిదల్లా గీతకు అవతల నేల ఎలా ఉంటుందన్నదే. ఒక్కసారి కూత పెట్టి ఆ గీత దాటాలని ఆమె కోరిక.

“నేనాడతాను,” అంది. “కాకపోతే బరి గట్టినేల మీదికి జరపండి. ఇసుకలో నా కాలు దిగబడిపోతుంది. గట్టిచోట నిలబడగలను.”

పెద్దరికం చేస్తున్న ఎద్దు కోటిలింగం తాత నెమరు ఆపి ఆలోచించాడు. జరపాల్సింది ఒక్క గీతే కదా అని లేవబోయాడు.

వీరభద్రానికి గుండె జారింది. నెలల కష్టం ఇసుకలో ఉంది, ఆ ఇసుక పోతే తన సగం కుప్ప ఏమవుతుంది? వెంటనే కళ్ళు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు. ఆ బంగారుతల్లి ఆడతానంటే తనకంటే సంతోషించేవాడు లేడన్నాడు. గట్టినేల మీద పడితే దెబ్బ తగలదా, వాళ్ళమ్మకు ఏం చెప్పాలి అని వాపోయాడు. చివరికి అసలు మాట బయటపెట్టాడు.

“ఎందుకీ జరపడాలూ గీయడాలూ తాతా? పాపను ఆటలో అరటిపండుగా పెట్టేద్దాం. ఎవరు తాకినా తను ఔటు కాదు, తను ఎవర్ని తాకినా వాళ్ళు ఔటు కారు. ఆడినట్టూ ఉంటుంది, ఎవరికీ ఇబ్బందీ ఉండదు.”

పాలు మానని పసికూనలు మారాం చేస్తే అలా ఆడిస్తారు. మిగతా పిల్లలు కిసుక్కుమన్నారు. గోరింట ఒడ్డుకు వెళ్ళిపోదామనుకుని ఒక అడుగు వేసింది కూడా. ఆ అడుగు దగ్గరే ఆగి, మనసులో ఏదో కూడి, ఏదో తీసేసింది.

“మాస్టారూ, నన్ను ఎవరూ ఏ విధంగానూ ఔటు చేయలేరు. అంతేనా?”

“బ్రహ్మదేవుడు దిగొచ్చినా చేయలేడు తల్లీ.”

“తాతా, మరి ఒక జట్టు ఓడినట్టు ఎప్పుడు?”

“వాళ్ళ బరిలో ఒక్కరూ మిగలనప్పుడు.”

సరేనని గోరింట బుద్ధిగా వెళ్ళి ఒక మూల నిలబడింది.

ఇసుకలో ఆట చకచకా సాగింది. ఏటి జట్టులో ఉడుము చచ్చింది, ముంగిస చచ్చింది, తాబేలుపిల్ల ఎప్పుడు చచ్చిందో దానికే తెలియలేదు. ఆఖరికి ముత్యాలు కూడా ఇసుకలో ముట్టె కూరుకుని పడ్డాడు. వీరభద్రం అప్పటికే కుప్ప దగ్గరికి చేరి పెద్ద కాయను గోటితో మీటి చూస్తున్నాడు.

“ఆట అవలేదు,” అన్నాడు తాత. “బరిలో ఇంకా ఒకరున్నారు.”

గుట్ట జట్టు మొనగాడు కుందేలు కూతకొచ్చి గోరింట వీపు తట్టాడు. తాత “లెక్కలేదు” అన్నాడు. ఈసారి కుందేలు రెండు చెవులూ లాగి మరీ పోయాడు. అదీ లెక్కలేదు. తర్వాత గోరింట కూతకు వెళ్ళింది. అంతా మీదపడి కింద కుమ్మేశారు. ఆమె తీరిగ్గా లేచి, ఒళ్ళు దులుపుకుని, కుంటుకుంటూ ఇవతలికొచ్చింది. లెక్కలేదు. మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ లెక్కలేదు. గుట్ట పిల్లలకు నాలుకలు బయటికొచ్చాయి. ఎండ దిగింది. ఎక్కణ్ణించో కాకులొచ్చి కుప్ప మీద వాలి, కాయలకు బొక్కలు పెట్టడం మొదలుపెట్టాయి.

వీరభద్రం కాకులను తోలుతూ ఒకసారి, ఆటను తిడుతూ ఒకసారి అటూ ఇటూ పరుగెత్తాడు. చివరికి తాత ముందు కూలబడ్డాడు.

“ఇదేం ఆట తాతా, తెల్లార్లూ సాగేట్టుంది. ఆ పిల్లను లెక్కలో వెయ్యండి.”

“వద్దన్నది నువ్వే కదరా.”

“ఏదో జాలిపడి అన్నాను.”

“ఇప్పుడా జాలి తగ్గిందా మాస్టారూ?” అంది గోరింట. “లెక్కలో వేస్తే పూర్తిగా వెయ్యాలి. బరి గట్టినేల మీదికి జరగాలి.”

వీరభద్రం గబగబా లెక్క కట్టాడు. ఇటు ఏడుగురు, అటు ఒక్కతి, దానికీ కాళ్ళు మూడున్నర. నేల గట్టిదైతేనేం, రాయైతేనేం? జరపమన్నాడు, కావాలంటే గుట్ట మీదికైనా ఎక్కించమన్నాడు. బరి మారినంత మాత్రాన చచ్చినవాళ్ళు లేచి రాకూడదని మాత్రం షరతు పెట్టాడు. గోరింట ఒప్పుకుంది. తాత గిట్ట ఈడ్చుకుంటూ గట్టినేల మీద కొత్త గీత గీశాడు.

గోరింట కూత పెట్టి గీత దాటింది.

గుట్ట జట్టులోని నక్కపిల్లలు ముగ్గురూ కలిసి ఆమె అవిటికాలే పట్టుకున్నారు. ఎవరైనా అదే పట్టుకుంటారు, పడగొట్టడం తేలికనుకుని. కానీ వంగని కాలు మడత పడదు. పాతిన గుంజను పీకినట్టు వాళ్ళు గింజుకుంటున్నారు. గోరింట అలాగే బోర్లా పడుకుని మెడ చాచింది. మిగతా మేకపిల్లలు వెనక కాళ్ళ మీద నిలబడి కొమ్మలు అందుకుంటాయి. ఆమెకు ఆ వీలు లేదు. పుట్టినప్పటినుంచీ కంచెల కింద పడుకుని, మెడ సాగదీసి చిగుళ్ళు తిన్న పిల్ల. కూత తెగకుండానే ఆమె గడ్డం గీతకు తగిలింది.

“ముగ్గురూ ఔటు,” అన్నాడు తాత. ఆట ప్రకారం ఏటి జట్టులో ముత్యాలుతో సహా ముగ్గురు బతికొచ్చారు.

ఆ తర్వాత గుట్ట జట్టుకు కాలు నిలవలేదు. ఇసుకలో తన్నుకుని దూకే అలవాటు, గట్టినేల మీద దూకితే జారి వెల్లకిలా పడుతున్నారు. చూస్తుండగానే అటు కుందేలు ఒక్కడే మిగిలాడు. వాడు తెగించి కూతకొచ్చి, గోరింట ముక్కు మీద తట్టి తిరిగి గీత దాటేశాడు.

“గోరింటా, నువ్వు ఔటు. బయటికి నడువు.”

గోరింట కదల్లేదు. ఇంకోసారి చెప్పమని అడిగింది. తాత చెప్పాడు. అప్పుడు తల పైకెత్తి, ఒడ్డున కూర్చున్నవాళ్ళలో ఒక్కొక్కరి ముందూ ఆగి తను ఔటయ్యానని చెప్పుకుంటూ, పెళ్ళికూతురు నడిచినట్టు బయటికి నడిచింది.

“ఔటైతే ఆ నవ్వేంటే?” అని కసిరాడు ముత్యాలు.

“నీకు తెలీదులేరా. నువ్వు రోజూ అవుతావు.”

ఆమె ఔటుకు బదులుగా అటు బతికొచ్చిన నక్కపిల్ల, ఏటి జట్టు కూతకు రాగానే జారిపడి ఔటైంది. మరుసటి కూతలోనే ముత్యాలు కుందేలును నడుం దగ్గర దొరకబుచ్చుకున్నాడు. కాకులు తినగా మిగిలిన కుప్ప ఏటి జట్టుదైంది. గుట్ట పిల్లలు మాత్రం మాస్టారి చుట్టూ చేరి, రేపటినుంచి గట్టినేల మీద నేర్పమనీ, వచ్చే వేసవికి గోరింటను తమ జట్టులోకి అడగమనీ పోరుతున్నారు. వీరభద్రం వాళ్ళ మాట వినకుండా, కాకి వదిలేసిన తొక్కనొకదాన్ని నాకుతూ కూర్చున్నాడు.

నీతి: సాటివాణ్ణి జాలిపడి లెక్కలోంచి తీసేయకు, గీత కాస్త జరిపి లెక్కలో వెయ్యి.