నమిలేసిన ఏడాది

మిట్టదుర్గం రాజు భైరవరాయుడికి ఓ ముచ్చట పుట్టింది. పొరుగు రాజ్యపు రాజకుమార్తె సభలో నిలబడి నిఘంటువు అప్పజెప్పిందట. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఆయనకు అన్నం సయించలేదు.

“ఈ ఉగాదికి మా కోనాంబ సభలో అరవై సంవత్సరాల పేర్లూ గడగడా చెప్పాలి. చెప్పించినవారికి నా చేతి కంకణం!” అన్నారు.

“అదెంత పని ప్రభూ!” అని యజ్ఞన్న పండితుడు శాలువా సవరించుకున్నాడు.

రెండు నెలలు గడిచాయి. తొమ్మిదేళ్ళ కోనాంబ ఇరవయ్యో పేరు దాటలేదు. రాజుగారు కారణం అడిగారు.

“బోధనలో లోపం లేదు ప్రభూ. అమ్మాయి ఎప్పుడూ తాంబూలాల ఓబులమ్మ పక్కనే ఉంటుంది. ఆవిడ మతిమరుపు అంటుకుంది.”

రాజుగారు నాలుక తడుముకున్నారు. మొన్ననే ఓబులమ్మ ఒకే ఆకుకి రెండుసార్లు సున్నం రాసి ఆయన నోరు పొక్కించింది.

“సరే. ఉగాదినాడు అమ్మాయి తడబడితే ఓబులమ్మ కోట విడిచి వెళ్ళిపోవాలి” అన్నారు.

ఆ మాట ఓబులమ్మ చెవిన పడింది. మతిమరుపు మాట అబద్ధమని అనడానికి లేదు. ఏదో గుర్తుండాలని కొంగున ముడి వేసుకుంటుంది. ఎందుకు వేసిందో మరిచిపోతుంది. ఈ పిల్లని వదిలి వెళితే, తనను ‘అవ్వా’ అని పిలిచే మనిషైనా మిగలదు.

మర్నాడు పాఠం జరిగేచోట ఓ మూల కూర్చుని ఆకులకు ఈనెలు తీస్తూ చెవులు రిక్కించింది.

“ప్రభవ, విభవ, శుక్ల...” అంటూ కోనాంబ ‘వ్యయ’ దాకా వచ్చింది. “సర్వధారి” అంది.

“తప్పు! సర్వజిత్తు! మళ్ళీ మొదట్నుంచి!”

అలా ఏడుసార్లు. పొద్దు వాలింది, పాఠం ముగిసింది.

‘వాకిలి ఏడుసార్లు ఊడ్చాడు మహానుభావుడు. లోపలి గదుల్లో చీపురే పడలేదు’ అనుకుంది ఓబులమ్మ.

కళ్ళు తుడుచుకుంటూ వచ్చిన పిల్లని పక్కన కూర్చోబెట్టుకుంది.

“తల్లీ, నేను ఖర నామ సంవత్సరంలో పుట్టానట. పదేళ్ళ తర్వాత ఈ కోటలో అడుగుపెట్టాను. అదేం ఏడాదో మరిచిపోయాను. కాస్త చూసిపెట్టవూ?”

కోనాంబ పంచాంగం తెచ్చి వేళ్ళు మడిచింది. “ప్లవ, అవ్వా!”

మర్నాడు ఓబులమ్మ అడిగింది. “నిన్నేం చెప్పావమ్మా? ప్లవంగా?”

“ప్లవంగ కాదవ్వా, ప్లవ! ప్లవంగ ఆరేళ్ళ తర్వాత. నిన్ననేగా చెప్పాను!”

“నువ్వు చెప్పావు, నేను విన్నాను. వింటేనే వచ్చేస్తుందా ఏమిటి?”

కోనాంబకు పట్టుదల వచ్చింది. ఈ అవ్వకి వచ్చేలా చెప్పి తీరాలి! అరవై తమలపాకులు చాప మీద వరసగా పరిచింది. ఏనుగు వంటశాల గోడ పడగొట్టిన ఏడాది ఈ ఆకు. నాన్నగారు గుర్రం మీంచి పడి ఏడ్చిన ఏడాది ఆ ఆకు. ఒక్కో ఆకుకి ఒక్కో కథ అవ్వే చెప్పింది. పేరు మాత్రం ఎప్పుడూ అవ్వ నోటికి రాదు.

పిల్ల అటు తిరిగితే చాలు, ఓబులమ్మ ఓ ఆకు తీసి నోట్లో వేసుకునేది.

“ఇక్కడి ఏడాది నమిలేశాను తల్లీ. ఏదది?”

“అయ్యో అవ్వా, కీలక మింగేశావు!”

నవ్వీ నవ్వీ ఇద్దరికీ పొట్ట నొప్పి పుట్టేది.

ఉగాది వచ్చింది. నిండు సభలో కోనాంబ ప్రభవతో మొదలెట్టి అక్షయ దాకా ఆగకుండా చెప్పేసింది. సభ చప్పట్లతో మోగిపోయింది.

“చూశారా ప్రభూ, మా బోధనా పద్ధతి!” అని యజ్ఞన్న చెయ్యి చాపాడు. “ఇక ఆ ముసలమ్మని పంపేస్తేనే మంచిది. లేకపోతే నేర్పిందంతా మళ్ళీ పోతుంది.”

రాజుగారు కంకణం మీద చెయ్యి వేశారు.

ఓబులమ్మ తాంబూలపు పళ్ళెం కింద పెట్టింది. “ప్రభూ, వెళ్ళేముందు ఒక్క సందేహం. నల నామ సంవత్సరానికి ముందు ఏడాది ఏది? మరిచిపోయాను. పండితులవారు సెలవిస్తే...”

“ఇంతేనా!” అని యజ్ఞన్న కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి. “ప్రభవ, విభవ, శుక్ల...”

సభ ఎదురుచూసింది. రాజుగారు వక్క నమలడం ముగించారు. పండితుడు సగం దాకా వెళ్ళాడో లేదో ఎవరో దగ్గారు. ఆయన తడబడి ఆగిపోయాడు.

కోనాంబ వేలు చూపించింది.

“తప్పు! మళ్ళీ మొదట్నుంచి!”

సభంతా గొల్లుమంది.

“నువ్వు చెప్పమ్మా” అన్నారు రాజుగారు.

“రాక్షస! పేర్లకి ఆకులు పరిస్తే అవ్వ దాన్ని రెండుసార్లు నమిలింది.”

రాజుగారు ఓబులమ్మ వైపు తిరిగారు. “అయితే నేర్పింది నువ్వన్నమాట.”

“నేనేం నేర్పలేదు ప్రభూ. మరిచిపోయానంతే. నేర్పింది అమ్మాయే, నాకు.”

“నిజం చెప్పు. నిజంగా మరిచిపోయావా? నటించావా?”

ఓబులమ్మ కొంగున ఉన్న ముడి విప్పి చూసింది. మళ్ళీ వేసింది.

“అదొక్కటే గుర్తులేదు మహారాజా.”

రాజుగారు పగలబడి నవ్వుతూ కంకణం తీసి ఆమె చేతికి తొడిగారు.

“నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదు. రేపట్నుంచి రోజూ పాఠంలో కూర్చుని మరిచిపోవడమే నీ కొలువు. పండితులవారూ పక్కనే కూర్చుని నేర్చుకుంటారు. తాంబూలం మాత్రం ఇంకెవరిచేతైనా కట్టిస్తాను!”